టాలివర్ కనుమ జనాభా

ఉత్తరం చదవడం పూర్తికాగానే డెల్ఫా స్టిడమ్ చేతిలో ఉన్న గరిటెను బీన్స్ గిన్నెలోకి విసిరేసింది. బడి వంటింట్లో మిగతా ఆడవాళ్లు తలెత్తి చూశారు. ఆమె ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి, పిల్లల భోజనాలైనా కాకముందే ట్రక్కెక్కి కొండదారి పట్టింది. పద్దెనిమిదేళ్ల కొలువులో అలా మధ్యలో వెళ్లిపోవడం అదే మొదటిసారి.

కౌంటీ నీటి ఆఫీసు వాళ్లు రాసింది నాలుగు ముక్కలే. కొండ మీదికి నీళ్ల గొట్టం వేయాలంటే కనీసం యాభై ఇళ్లలో మనుషులు కాపురం ఉండాలి. మీరు పంపిన జాబితాలో డెబ్బై మూడు ఇళ్లున్నాయి. మా ఉద్యోగి వచ్చి చూస్తే ఇరవై రెండింటికి తాళాలు. తప్పుడు జాబితా పంపారు కాబట్టి దరఖాస్తు తోసిపుచ్చుతున్నాం. రాసినవారే దాన్ని సరిదిద్ది, సంతకం పెట్టి, జూన్ రెండో సోమవారంలోగా ఇస్తే మళ్లీ చూస్తాం. లేదంటే మరో ఐదేళ్ల దాకా అడగవద్దు.

డెబ్బై మూడులోంచి ఇరవై రెండు పోతే యాభై ఒకటి. అంటే ఉన్నది ఉన్నట్టు రాసినా సరిపోయేది, పైగా ఒక ఇల్లు మిగిలేది. అది తలుచుకున్నకొద్దీ డెల్ఫాకు ఒళ్లు మండిపోయింది. కావాలని మోసం చేసి పట్టుబడితే అదొక తీరు. అవసరమే లేని అబద్ధం కోసం నోటికాడి కూడు పోగొట్టుకోవడం ఏం తెలివి?

టాలివర్ కనుమను ఊరు అనడానికి సర్కారు ఒప్పుకోదు. మేయరు లేడు, సభ లేదు, ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుందని చెప్పే పొలిమేర లేదు. రెండు గట్ల నడుమ వాగు వెంబడి నాలుగు మైళ్ల పొడవునా అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు, అంతే. బొగ్గు గని నడిచిన రోజుల్లో పన్నెండు వందల మంది ఉండేవారు. గని పోతూ పోతూ బావుల్ని కూడా పాడుచేసి పోయింది. నీళ్లు తుప్పు రంగు, కుళ్లిన గుడ్ల కంపు. అందుకే ముసలీ ముతకా అందరూ కొండ దిగి, రోడ్డు పక్క రాతిలోంచి కారే ఊట దగ్గర క్యాన్లు నింపుకుని పైకి మోసుకుంటారు. ఒహాయోకీ మిషిగన్‌కీ కార్ల ఫ్యాక్టరీల పనులకు వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో ఒక్కరూ ఇల్లు అమ్మలేదు. తాళం వేసి, చెవి తెచ్చి రాన్సమ్ స్టిడమ్ చేతిలో పెట్టి వెళ్లారు.

ఆ రాన్సమే డెల్ఫా బాబాయి. ఎనభై మూడేళ్లు. యాభై ఏళ్లుగా శ్మశానం ఆయన చేతి మీదుగానే నడుస్తోంది. ఎవరి పక్కన ఎవరికి చోటో ఆయన చెప్పాలి, గుంట ఆయన గీసిన గీత మీద తవ్వాలి. ప్రతి జూన్‌లో సమాధుల ఆదివారం నాడు బయటి ఊళ్లవాళ్లంతా పువ్వులతో దిగుతారు. అప్పుడు రాన్సమ్ నల్ల అట్ట పుస్తకం తెరిచి, కనుమవాళ్ల పేర్లన్నీ ఇల్లిల్లూ గొంతెత్తి చదువుతాడు. పిలుపు వినబడ్డవాళ్లు "ఉన్నా" అంటారు. పేరు చదివారంటే ఆ మనిషికి ఆ కొండ మీద ఆరడుగుల నేల ఉన్నట్టే.

నీటి ఆఫీసుకు ఇళ్ల జాబితా కావాలన్నప్పుడు, రాత బాగుంటుంది కదా అని ఆ పని బాబాయికి అప్పజెప్పింది డెల్ఫా. ఆయన పుస్తకం ముందు పెట్టుకుని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఎత్తిరాసి, కవరు అంటించి తపాలావాడి చేతికి ఇచ్చేశాడు. డెల్ఫా ఒక్కసారి విప్పి చూసి ఉంటే! చూడలేదు. తిట్టుకోవాల్సివస్తే తనను కూడా తిట్టుకోవాలి, అందుకని ఆ మాట మనసులోకి వచ్చిన ప్రతిసారీ ఇంకా గట్టిగా బాబాయినే తిట్టుకుంది.

రాన్సమ్ వసారాలో కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. ఆమె ఉత్తరం చదివి వినిపించింది.

"తాళం వేసుంటే మాత్రం ఏం?" అన్నాడు ఆయన. "తాళంచెవి నా దగ్గరే ఉందిగా. చూడ్డానికొచ్చిన ఆ ఆఫీసావిడ అడిగితే తీసి చూపించేవాణ్ణి."

"చూపించి? ఎలకల్ని లెక్కపెట్టమంటావా?"

"మనవాళ్లు ఎందరని అడిగారు. రాశాను. ఒక్క పేరైనా కల్పించానా?"

"ఎవరు ఉంటున్నారని అడిగారు బాబాయ్! గార్లండ్ ముప్పైయేళ్ల నుంచి ఒహాయోలో ఉంటున్నాడు. వాడి మనవళ్లకి ఈ కొండ ఎటుందో కూడా తెలీదు."

"వాడు తిరిగొస్తాడు."

"ఎప్పుడు?"

రాన్సమ్ కొడవలి అంచు మీద బొటనవేలు ఆడించాడు. "అందరూ వచ్చినప్పుడే," అన్నాడు.

"అంటే పెట్టెలో! శవాలకి కుళాయెందుకు బాబాయ్?"

ఆయన మళ్లీ కొడవలి నూరడంలో పడ్డాడు. ఆ రోజనే కాదు, తర్వాత మూడు వారాలూ ఇదే తంతు. డెల్ఫా పొద్దున బడికి వెళ్తూ ఒకసారి, సాయంత్రం క్యాన్లు దించుతూ ఒకసారి అడిగేది. తెల్ల కాగితం, పెన్ను తెచ్చి బల్ల మీద పెట్టేది. మర్నాడు చూస్తే కాగితం మీద కాఫీ కప్పు మచ్చ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. బతిమాలింది, అరిచింది, మాట్లాడ్డం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తనే రాసి సంతకం పెడదామని ఆఫీసుకు ఫోన్ చేస్తే, మొదట రాసినాయనే పెట్టాలి మేడమ్, లేకపోతే మళ్లీ మోసమే అంటారు అని అవతలి అమ్మాయి తీరిగ్గా చెప్పి పెట్టేసింది.

"పేర్లు కొట్టేస్తే వాళ్లు ఏమైపోవాలే?" అన్నాడు ఒకరోజు రాన్సమ్. "కాగితం మీద ఒకలా, పుస్తకంలో ఇంకోలా రాయడం నావల్ల కాదమ్మాయ్. ఉన్నారంటే రెండిట్లో ఉండాలి. లేరంటే రెండిట్లో లేనట్టే."

అదీ ఆయన చిక్కు. డెల్ఫాకు అర్థం కాకపోలేదు. మిషిగన్‌లో ఉన్న ఆయన ఒక్కగానొక్క కూతురు లొవీనా కూడా ఆ ఇరవై రెండిళ్లలోదే. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గాలని ఎక్కడుంది?

శనివారం ఇద్దరూ శ్మశానంలో గడ్డి కోసి, వానకు కుంగిన సమాధుల మీద మట్టి ఎగదోస్తున్నారు. దిగువ దారిలో ఐసీ ఫ్యూగేట్ కనిపించింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, రెండు చేతులా రెండు క్యాన్లు. పది అడుగులు వేయడం, దించడం, నడుము పట్టుకోవడం, మళ్లీ ఎత్తడం. డెల్ఫా పార పారేసింది.

"చూడు బాబాయ్, బాగా చూడు. నీ లెక్కలో ఊరు చాలా పెద్దదిలే. అందులో సగం మంది చచ్చాకే వస్తారు. ఐసీ అత్త బతికుండగానే ఇక్కడ ఉంది, అదేగా ఆవిడ చేసిన పాపం!"

అన్నాక, ఇంత మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. రాన్సమ్ ఐసీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి మిగిలిన గడ్డి కోశాడు.

ఆదివారం తెల్లారేసరికి దారి పొడుగునా బయటి రాష్ట్రాల నంబర్ల కార్లు. కాగితపు పువ్వులు, కౌగిలింతలు, ముద్దులు, ఎవరు లావయ్యారో ఎవరికి బట్టతల వచ్చిందో వేళాకోళాలు. పాదిరి ప్రార్థన అయ్యాక చెట్ల కింద పొడుగు బల్లల మీద కోడి వేపుళ్లు, మొక్కజొన్న రొట్టెలు, ఆపిల్ గుజ్జు పొరల కేకులు పరిచారు. లొవీనా తెల్ల టోపీ పెట్టుకుని నాన్న పక్కనే కూర్చుని, ఆయన ప్లేటులో కోడి ముక్కలు వేరుచేస్తోంది. సీసాలో నీళ్లు తాగుతూ గార్లండ్ డెల్ఫాను ఉడికించాడు.

"ఏమే డెల్ఫా, ఇంకా ఆ ఊట నీళ్లేనా? ఆఫీసువాళ్ల పీక పట్టుకోవద్దూ? నేనిక్కడుంటే ఎప్పుడో తెప్పించేవాణ్ణి."

"నువ్విక్కడుంటే సరిపోయేదిరా," అంది డెల్ఫా పళ్లు కొరుకుతూ, అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయింది. గడువు పెట్టిన సోమవారం రేపే. ఇంక అడగబుద్ధి కూడా కాలేదు. ఐదేళ్లంటే ఐసీ అత్తకు ఎనభై నాలుగు. క్యాన్లు అప్పుడెవరు మోస్తారో దేవుడికే తెలియాలి.

రాన్సమ్ లేచి పుస్తకం తెరిచాడు. అందరూ ప్లేట్లు దించారు.

"డెల్ఫా స్టిడమ్."

"ఉన్నా."

"ఐసీ ఫ్యూగేట్."

"ఉన్నా."

ఆ తర్వాత రావాల్సింది గార్లండ్. ఏటా అంతే, ఐసీ తర్వాత గార్లండ్. అతను నోరు తెరుచుకుని సిద్ధంగా ఉన్నాడు. రాన్సమ్ వేలు ఆ పేరు మీద ఒక్క క్షణం ఆగి, కిందికి జరిగింది. ఇంకో పేరు చదివాడు. ముసలాడు పొరబడ్డాడని ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఐదో పేరు తప్పిపోయేసరికి నవ్వులు ఆగిపోయాయి. పదోది తప్పేసరికి ఎవరో "ఏంటిది రాన్సమ్? మా అమ్మ ఈ మట్టిలోనే ఉంది!" అని కేక పెట్టారు. ఆయన తలెత్తలేదు. చదవడం ఆపలేదు. యాభై ఒక్క ఇళ్లు చదివి పుస్తకం మూశాడు.

లొవీనా నిలబడింది. ఆమెకు అరవై దాటాయి గానీ ఆ నిమిషం మొహం చిన్నపిల్లదానిలా అయిపోయింది.

"నాన్నా, నన్ను మర్చిపోయావు."

"మర్చిపోలేదమ్మా."

"అమ్మ పక్కన చోటు నాదేనన్నావుగా. మరి నన్నెక్కడ పెడతారు?"

రాన్సమ్ పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "నువ్వు నీళ్లు తాగే చోట పెడతారమ్మా."

గార్లండ్ తిట్టుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. అతని వెనక ఇంకొందరు. రాన్సమ్ ట్రక్కు దగ్గరికి వచ్చి, కోటు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. యాభై ఒక్క ఇళ్లూ అందమైన రాతలో ఉన్నాయి. కాఫీ మచ్చ కూడా ఉంది. బానెట్ మీద పెట్టి సంతకం చేసి, డెల్ఫా చేతికిచ్చాడు.

"ఇప్పుడు లెక్క సరిపోయిందా?"

డెల్ఫా తలూపింది. మూడు వారాలు ఈ కాగితం కోసమే గొంతు చించుకుంది. ఇప్పుడది చేతిలో ఉంటే, తనేదో దొంగతనం చేసినట్టు ఉంది. బాబాయి మీద కోపం పోయింది, ఆ కోపం ఉన్నప్పుడే నయం అనిపించింది.

లొవీనా తెచ్చిన కాగితపు పువ్వులు తల్లి సమాధి మీద ఒక్కొక్కటే గుచ్చి, చేతులు దులుపుకుని లేచింది. కారెక్కబోతూ డెల్ఫా ముందు ఆగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మాట మామూలుగానే ఉంది.

"కుళాయి వచ్చాక మా నాన్నకి రోజూ ఓ గ్లాసు నువ్వే ఇవ్వు. ఇక ఆయనకి ఇక్కడ ఉన్నదానివి నువ్వేగా."