ఇవాళ వద్దులే డాక్టరమ్మా

నోలీన్ టిప్పెట్‌కు డెబ్బై తొమ్మిదేళ్లు. క్లోమంలో క్యాన్సర్ అనీ, ఆరు నెలలు దాటడం కష్టమనీ పట్నం ఆసుపత్రిలో తేల్చేశారు. ఆ మాట విని ఆమె అడిగింది ఒక్కటే. వైట్‌బెయిట్ సీజను దాటుతానా లేదా?

పుల్లంత సన్నగా, కనపడీ కనపడకుండా నదికి ఎదురీదే ఆ చేపపిల్లల కోసం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పశ్చిమ తీరంలో జనం మొగుళ్లనీ పెళ్లాలనీ కూడా మరిచిపోతారు. నోలీన్ యాభై మూడేళ్లుగా నది ఒడ్డున ఒకే చెక్క మంచె మీద కూర్చుని వల వేస్తోంది. ఈ ఒక్క సీజనూ అక్కడే గడిపేస్తే ఆ తర్వాత ఏమైనా కానీ అనుకుంది. ఆమెకు ఇంకే కోరికా లేదు.

కానీ నొప్పి ఊరుకుంటుందా? మందు మోతాదు ఎప్పటికప్పుడు చూసి మార్చడానికి ఒక మనిషి రావాలి. ఆఖరి రోజుల రోగులను ఇంటికొచ్చి చూసుకునే సేవాసంస్థ ఒకటుంది. బంగారంలాంటి మనుషులు. వాళ్ల ఖర్చులో సర్కారు ఇచ్చేది కొంతే. మిగతాది పాత బట్టల దుకాణం పెట్టి, కేకులమ్మి, లాటరీ టిక్కెట్లు అంటగట్టి కూడబెట్టుకోవాలి. మూడు గంటలు కారు తోలుకుంటూ ఈ నది మూలకు నర్సును పంపడానికి ఆ ఏడాది అమ్మిన కేకులు సరిపోలేదు. పట్నం వచ్చి వార్డులో చేరమని ఎంతో మర్యాదగా చెప్పారు. ఆ వార్డు కిటికీలోంచి కనపడేది కార్ల పార్కింగు. నోలీన్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే ఆసుపత్రి బల్ల మీదున్న కరపత్రం తీసి చదివింది. బాధ భరించలేని రోగి కోరుకుంటే, డాక్టరే సాయం చేసి ప్రాణం పోనిచ్చే చట్టం గురించి అందులో ఉంది. అర్జీ నుంచి ఆఖరి సూది దాకా అంతా ఉచితం. డాక్టరు ఇంటికే వస్తారు. ఎంత దూరమైనా సరే, దారి ఖర్చు సర్కారుదే. నోలీన్ రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుని, దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

పక్క మంచె మీద వల వేసే క్లారీ ఆ సంగతి విని నోరు తెరిచాడు.

"ఏంటే, చావాలని ఉందా నీకు?"

"పిచ్చోడా, సీజను ముందుంచుకుని ఎవరన్నా చస్తారా?"

అర్జీ పెట్టింది. చట్టం ప్రకారం ఒక డాక్టరు చూడాలి, తర్వాత వేరే డాక్టరు చూడాలి. ఇద్దరూ వచ్చారు, ఇద్దరూ ఆమె గుడ్డులో కలిపి వేసిన చేపపిల్లల అట్లు తిన్నారు. ఆమె నిజంగానే అర్హురాలని ఇద్దరూ రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. మొదట వచ్చిన డాక్టరమ్మ హినెవాయి నలభై ఏళ్ల మనిషి. ఎలాగూ వచ్చానుగా అని ఒంటికి అంటించే నొప్పి మందు పట్టీలు మార్చి, మందు కాస్త పెంచి వెళ్లింది. ఆ రాత్రి నోలీన్ చంటిపిల్లలా నిద్రపోయింది.

ఆఖరి సూదికి మొదటిసారి సెప్టెంబరు మధ్యలో తేదీ పెట్టుకుంది. డాక్టరమ్మ ఆ సూది మందుల పెట్టె పట్టుకుని వచ్చి, చట్టం అడగమన్న ప్రశ్న గంభీరంగా అడిగింది. ఇప్పుడే కావాలా?

"ఇవాళ వద్దులే డాక్టరమ్మా. నీళ్లు తేటగా ఉన్నాయి. అన్నట్టు తెల్లారుజామున ఈ పట్టీ పనిచేయడం లేదు, కాస్త చూడూ."

వాయిదా వేసుకునే హక్కు రోగికి ఉంది. డాక్టరమ్మ పట్టీ చూసింది, మందు మార్చింది, అట్టు తింది, పెట్టెతో వెనక్కి పోయింది. నెలాఖరున మళ్లీ అంతే. అక్టోబరు మధ్యలో వచ్చినప్పుడైతే నోలీన్ ఆమెను మంచె దగ్గరికే రమ్మని కబురు పెట్టింది. పెట్టెను క్లారీ చేపల బకెట్ పక్కన పెట్టించింది. సర్కారును ఇలా ఆడించడం పాపం కదా అని క్లారీ గొణిగితే, యాభై ఏళ్లు పన్ను కట్టానని అతని నోరు మూయించింది. డాక్టరమ్మ నవ్వాపుకోలేక నది వైపు తిరిగి నిలబడింది. ఆట ఆమెకూ అర్థమైంది.

అక్టోబరు ముప్పైన సీజను ముగిసింది. సాయంత్రం నోలీన్ వల తనే పైకి లాగింది. క్లారీ చెయ్యేస్తానంటే ఒప్పుకోలేదు. ఒకటిన్నర గంట పట్టింది. ఇంటికి మాత్రం అతను ఎత్తుకొని తేవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ముందే పెట్టుకున్న తేదీకి, డాక్టరమ్మ కొత్త పట్టీలు, అంతా తెలుసన్న చిరునవ్వు పట్టుకుని వచ్చింది. ఇన్నిసార్లు ఎందుకు వెళ్లొచ్చావని దారి ఖర్చులిచ్చే ఆఫీసువాళ్లు కారణం రాసిమ్మన్నారని చెప్పి, చట్టం ప్రకారం అడగాలి కాబట్టి ఆ ప్రశ్న సరదాగా అడిగింది.

"అవును తల్లీ, ఇవాళే," అంది నోలీన్.

డాక్టరమ్మ ముఖం తెల్లబోయింది. పెట్టె తేలేదు. ఎలాగూ వద్దంటుందిగా అని పట్నంలోనే ఉంచి వచ్చింది. ఎంత తప్పు చేశానా అని ఆమెకు ఏడుపొచ్చింది. నోలీన్ నవ్వబోయి, కడుపు పట్టుకుని, కాసేపటికి తేరుకుంది.

"నా తప్పే. అలవాటు చేసింది నేనే. పోయి పట్టుకురా, దారి ఖర్చు ఎలాగూ వాళ్లే ఇస్తారు."

పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. క్లారీ మంచం పక్కనే కూర్చుని, మనసు మార్చుకోవే అని నాలుగుసార్లు బతిమాలాడు. నలభై ఏళ్లుగా తిట్టుకుంటూ బతికినవాళ్లు, అలా చేతులు పట్టుకుని కూర్చోవడం ఇద్దరికీ కొత్త. సీజను చూశాను, నది పక్కనే ఉన్నాను, ఇంకేం కావాలని ఆమె అంది. అతను ముఖం తిప్పుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ పెట్టెతో తిరిగొచ్చింది. దారంతా 'ఇవాళ వద్దులే' అన్న మాట ఒక్కసారి వినబడితే చాలనుకుంటూ వచ్చింది. ప్రశ్న అడగబోతే నోలీన్ చెయ్యెత్తి ఆపింది. ముందు ఆఫీసువాళ్లడిగిన కారణం రాసుకోమంది.

"నొప్పి తగ్గించే మనిషిని పంపడానికి డబ్బుల్లేవన్నారు. చంపే మనిషిని పంపడానికి ఉన్నాయన్నారు. అందుకని చంపే మనిషిని పిలిపించుకుని రెండు నెలలు బతికాను. ఇదే రాయి, ఒక్క ముక్క కూడా మార్చకు."

డాక్టరమ్మ రాసింది. కళ్లజోడు పెట్టించుకుని నోలీన్ మొత్తం చదివి, కింద సంతకం పెట్టింది.

"ఇప్పుడడుగు," అంది.

డాక్టరమ్మ అడిగింది. నోలీన్ అవునంది.