అమ్మకుండా దాచిన మోటారు

నేను ఒక వైపరు మోటారుని. లారీ అద్దం మీద వాన పడితే తుడిచే చేతిని ఊపేది నేనే. లారీ దేశమంతా తిరిగింది గానీ నా పని మాత్రం అటూ ఇటూ, అటూ ఇటూ. ఎంత తుడిచినా వాన ఆగదు, డ్రైవరు తిట్టడం మానడు. లారీ తుక్కుకి పోయాక నన్నూ, నాలాంటి మరో మోటారునీ విశాఖపట్నంలో జిలానీ పాత సామాన్ల కొట్లో పడేశారు. హమ్మయ్య, ఇక ఎవరి జోలీ లేకుండా పడుకోవచ్చు అనుకున్నాను. మనుషులు పడుకోనిస్తారా!

ఒకనాడు పైడమ్మ అనే పెద్దావిడ వచ్చింది. ఆమె మొగుడు ఎల్లాజీ, పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే టగ్గు పడవ నడిపి రిటైరైన మనిషి. రిమోటుతో చెరువులో నడిపేందుకు బారెడు పొడుగు టగ్గు బొమ్మ చెక్కుకున్నాడు. మోటార్లు బిగించేలోపే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. నడవకపోతే ఆ కాలు ఇక పనికిరాదని డాక్టరు హెచ్చరించాడు. ఈడ్చుకుంటూ నడిస్తే నలుగురూ చూస్తారని ఆయన మంచం దిగడం లేదు.

జిలానీ నన్ను బ్యాటరీకి తగిలించాడు. విసుగ్గానే తిరిగాను. పైడమ్మ కళ్ళు మూసుకుని నా చప్పుడు వింది. "ఇదే," అంది. డబ్బులు మాత్రం తియ్యలేదు.

"బాగుందంటున్నావు, తీసుకోవేం అక్కా?" అన్నాడు జిలానీ.

"బాగుంది కాబట్టే బాబూ. ఇది ఇంటికెల్తే ఆయన మరి మంచం దిగడు. ఈ రెండూ ఓ మూల దాసెయ్. ఎవులికీ అమ్మకు."

నన్ను దాచి, బొమ్మకారు మోటారొకటి కొనుక్కుపోయింది. మర్నాడే అది తిరిగొచ్చింది. "ఇది మోటారా, దోమా?" అన్నాడట ఎల్లాజీ. తర్వాత మిక్సీ మోటారు పట్టుకెళ్ళింది. "టగ్గులో పచ్చడి రుబ్బమంటావేటి?" అని విసిరికొట్టాడట. అదీ సొట్టపడి వచ్చింది. ఈలోగా ఒక లారీ మెకానిక్కు వచ్చి మా ఇద్దరికీ మంచి ధర ఇస్తానన్నాడు. జిలానీ గడ్డం గోక్కుని, గోక్కుని, లేదు పొమ్మన్నాడు. పైడమ్మ వచ్చినప్పుడల్లా మా మూలకి చూసి, మేమున్నామని ఊపిరి పీల్చుకునేది. ఈ ఎత్తు పారదేమోనని ఆమెకి ఒకటే భయం. నాకేమో ఈ గొడవంతా తలనొప్పి.

చివరికి ఒక సాయంత్రం కొట్టు ముందు ఆటో ఆగింది. కర్ర పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఎల్లాజీ దిగాడు, వెనకే పైడమ్మ. సిగ్గుని కోపం మింగేసినట్టుంది, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు. మంచి చేత్తో సామానంతా కెలికి మమ్మల్ని బయటికి లాగాడు. బ్యాటరీ తగిలించమని, తిరుగుతున్న నా ఇరుసుని గట్టిగా పట్టుకున్నాడు. నేను ఆగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదీ మోటారంటే! టగ్గుకి పరుగెందుకే, పట్టు కావాల. ఇన్నాళ్ళూ ఇది నీ కంటికి ఆనలేదేటి?"

"నాకేటి తెలుస్తాది మావా, ఇయ్యన్నీ."

"ఇన్నేళ్ళు టగ్గు మోత ఇన్నావు, ఏటి లాభం!"

జిలానీ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగిపోయాడు.

ఇప్పుడు నేనూ నా జోడీ ఆ టగ్గు కడుపులో ఉన్నాం. ఆదివారమొస్తే చెరువు మధ్యలో ఆగిపోయిన ఎవరెవరి బొమ్మ పడవలనో ఒడ్డుకి లాక్కురావడం మా పని. మోటార్లు ఏరడంలో తనంతటివాడు లేడని ఎల్లాజీ అందరికీ చెబుతాడు, పైడమ్మ అవునంటుంది. నాకు విశ్రాంతి ఎలాగూ రాసిపెట్టి లేదు. అయినా ఆ సాయంత్రం తలుచుకుంటే ఎవరినీ తిట్టబుద్ధి కాదు.

ఆవేళ కొట్టు నుంచి తిరిగెళ్ళేటప్పుడు ఆటో ఎక్కమంటే ఎల్లాజీ వినలేదు. "ఇల్లెంత దూరమని! నడుద్దాం పద," అని కర్ర పొడుచుకుంటూ ముందు బయల్దేరాడు. మమ్మల్ని సంచీలో వేసుకుని పైడమ్మ వెనక నడిచింది. కొంచెం దూరం పోయాక ఆయన తిరిగి చూడకుండానే కేకేశాడు.

"ఏటే, ఎనకబడిపోయావు? మోటార్లు బరువా?"

"అవును మావా, శానా బరువు," అంది పైడమ్మ, సంచీని గుండెకి అదుముకుని ఏడుస్తూ.