ఐదో గుర్తు దగ్గర

నాలుగు వారాల తర్వాత దర్జీకి ఒక ఆదివారం చేతికి చిక్కింది. బడులు తెరిచే రోజులు కావడంతో నెలంతా యూనిఫాంల పనితో ఊపిరి సలపలేదు. ఆఖరి మూట శనివారం సాయంత్రం దుకాణం దాటగానే ఇంటికొచ్చి భార్యతో, "రేపు పార్కులో చెరువు దగ్గరికి పోదాం. ముగ్గురం చాప వేసుకుని హాయిగా కూర్చుందాం," అన్నాడు. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకూ ఆదివారమే సెలవు.

"ముగ్గురం అనుకోకండి. మీ కూతురికి రేపు స్నేహితులతో చదువు పని ఉందట," అందామె.

కూతురు సర్వే కోర్సు రెండో ఏడు చదువుతోంది. భూమి ఎత్తుపల్లాలు కొలిచే చదువు. ఇంట్లో ఆ పిల్లకు 'తాబేలు' అని పేరు. పళ్లు తోముకోవడానికి అరగంట, రెండో చెప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి ఇంకో అరగంట. దుప్పటి మడతపెట్టమంటే సగం మడిచి, ఆ మడత మీదే మళ్లీ వాలిపోయే రకం. "ఇది పరీక్ష హాలుకు చేరేసరికి ప్రశ్నపత్రం పాతబడిపోతుంది," అని తల్లి ఎప్పుడూ అంటుండేది. ఈ పిల్ల చదువు ఏ గట్టుకు చేరుతుందోనని దర్జీకి లోలోపల బెంగగానే ఉండేది.

అయితే ఆ చదువు పని కూడా ఆ చెరువు దగ్గరే అని తేలింది. చెరువు చుట్టూ ఉన్న నడకదారి ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో కొలిచి, సోమవారం మాస్టారికి ఇవ్వాలి. నలుగురు కలిసి చేయాల్సిన పని. అందులో ఒకడికి జ్వరం వచ్చింది.

"నాన్నా, నువ్వు కొలబద్ద పట్టుకుంటావా? నిటారుగా నిలబెట్టి, కదలకుండా ఉండాలి. అంతే," అంది కూతురు.

"ముప్పై ఏళ్లుగా అందరినీ కదలొద్దని చెప్పి కొలతలు తీసుకుంటున్నవాణ్ణి. నాకే చెప్తున్నావా?" అన్నాడు దర్జీ.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి చేరేసరికి స్నేహితులిద్దరూ కాచుకుని ఉన్నారు. ఒకడు బారెడు పొడుగు. వాణ్ణి అందరూ 'నిచ్చెన' అంటారు. ఇంకొకరు అమ్మాయి, ముక్కు మీద కోపం. ఆమె పేరు 'మిరపకాయ'. తల్లి చెట్టు నీడన చాప పరిచి, రొట్టెలు, గుడ్లు, పళ్లు ఉన్న డబ్బాలు పక్కన పెట్టుకుని, "మీ కొలతలయ్యాకే తిండి. ఈలోగా నేను కునుకు తీస్తా," అంది.

కూతురు మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దాని మీద దుర్భిణిలాంటి పరికరం బిగించింది. నేలలోకి ఒక్కొక్క కాలూ తొక్కింది. పరికరంలోని నీటిబుడగ నడిమధ్యకు వచ్చేదాకా మరలు తిప్పింది. బుడగ వచ్చాక కూడా ఒక అడుగు వెనక్కి వేసి, ఇంకోసారి చూసింది. దర్జీ ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో గ్లాసు అందుకోబోయి పక్కనున్న గిన్నె దొర్లించే చేతులే అవి. ఇక్కడ పట్టుబట్టకు సూది గుచ్చినంత ఒడుపుగా ఉన్నాయి.

పని తీరును ఆమె తండ్రికి నాలుగు ముక్కల్లో చెప్పింది. గేటు పక్కనున్న రాతి ఎత్తు మాస్టారు ముందే ఇచ్చారు. అక్కణ్ణించి మొదలుపెట్టి, చెరువు చుట్టూ తిరిగి, మళ్లీ ఆ రాతి దగ్గరికే రావాలి. వచ్చాక అదే ఎత్తు తేలాలి. రెండు కొలబద్దలు ఉంటాయి. ఒకటి వెనక గుర్తు మీద, ఒకటి ముందు గుర్తు మీద. మధ్యలో పరికరం. రెండూ చూశాక పరికరం ముందుకు పోతుంది, వెనకవాడు అందర్నీ దాటుకుని ముందుకు పోతాడు. ముందున్నవాడు మాత్రం అక్కడే ఉండి బద్దను ఇటు తిప్పుతాడంతే. బద్ద అడుగు సుద్దగుర్తు మీంచి కదలకూడదు.

అలా దర్జీ, నిచ్చెన ఒకరినొకరు దాటుకుంటూ సాగారు. కూతురు అంకె చెప్పేది, మిరపకాయ దాన్ని పైకి చదువుతూ పుస్తకంలో రాసేది, కూతురు మళ్లీ పరికరంలోకి చూసి సరే అనేది. ఎండ ఎక్కింది. నిచ్చెన జోకులు వేశాడు, మిరపకాయ వాణ్ణి కసిరింది. తాబేలు అందరితో పాటు నవ్వుతూనే ఉంది. కానీ కన్ను పరికరానికి ఆనించిందంటే నవ్వు ఎక్కడికో పోయేది. పదకొండు చోట్ల పరికరం నిలబెట్టి, మధ్యాహ్నానికి మళ్లీ గేటు దగ్గరికి వచ్చారు.

మిరపకాయ లెక్క కట్టింది. మళ్లీ కట్టింది. "రాయి తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తు పెరిగిందట. మనం తిరిగొచ్చేలోగా ఎదిగినట్టుంది," అంది.

"కూడికలో తప్పేమో," అన్నాడు నిచ్చెన.

కూతురు పుస్తకం తీసుకుని పక్కన రాయి మీద కూర్చుంది. ఒక్కొక్క అంకె కింద వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చూసింది. "కూడిక సరిగ్గానే ఉంది. పరికరమూ బాగానే ఉంది, పొద్దున పరీక్షించాను. ఎక్కడో బద్ద జరిగింది," అంది.

"తొమ్మిదేగా. పదకొండు చోట్లకీ కాస్త కాస్త పంచేద్దాం. మాస్టారికి ఏం తెలుస్తుంది? కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి," అన్నాడు నిచ్చెన.

"నువ్వే ఎక్కడో జరిపి ఉంటావు. జోకులేస్తూ నిలబడ్డావుగా," అని మిరపకాయ వాడి మీద విరుచుకుపడింది.

"అయ్యుండొచ్చు. నాకు గుర్తులేదు. సారీ," అన్నాడు నిచ్చెన.

దర్జీకి అప్పుడు గుర్తొచ్చింది. ఐదో గుర్తు దగ్గర, పరికరం ముందుకు జరుపుతుండగా, ఒకావిడ ముసలాయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది. దారి ఇరుకు. దర్జీ బద్ద ఎత్తి పక్కకు తప్పుకున్నాడు. వాళ్లు వెళ్లాక హడావుడిగా మళ్లీ పెట్టాడు. సరిగ్గా అక్కడే పెట్టాననుకున్నాడు. ఇప్పుడు ఎంత తలచుకున్నా, పెట్టింది దారి అంచురాయి మీదా, దాని పక్కనున్న ఇటుకల మీదా అన్నది తేలడం లేదు. పాపం ఆ పిల్లవాడు చేయని తప్పు నెత్తిన వేసుకుని తలవంచుకున్నాడు. తండ్రినని, పెద్దవాణ్ణని తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఊరుకోవడం దర్జీకి చేతకాలేదు.

ఎవరికీ ఏమీ చెప్పకుండా ఐదో గుర్తు దాకా నడిచాడు. అంచురాయి మీద సుద్దగుర్తు అలాగే ఉంది. జేబులోంచి టేపు తీసి, ఇటుకల నుంచి రాతి పైఅంచు దాకా కొలిచాడు. తొమ్మిది. టేపు చుట్టుకుంటూ తిరిగొచ్చాడు.

"ఆ అబ్బాయిని ఏమీ అనకమ్మా," అన్నాడు మిరపకాయతో. "జరిపింది నేను. ఐదో గుర్తు దగ్గర కుర్చీ బండికి దారి ఇచ్చి, మళ్లీ పెట్టేటప్పుడు రాయి మీద కాకుండా కింద పెట్టాను. ఇప్పుడే కొలిచి వచ్చాను. సరిగ్గా తొమ్మిది."

దర్జీ కూతురి వైపు చూడలేకపోయాడు. కదలకుండా నిలబడడమే తన పని. అదీ చేయలేకపోయాడు.

కూతురు లేచి వచ్చింది. "దారి ఇవ్వక ఏం చేస్తావు నాన్నా? నేనే చెప్పాల్సింది, బద్ద తీయాల్సి వస్తే నన్ను పిలవమని. చెప్పలేదు," అంది. తర్వాత నిచ్చెన వైపు తిరిగి, "నువ్వెందుకురా ఒప్పేసుకున్నావు, చేయనిదాన్ని?" అంది. వాడు నవ్వేసి భుజాలు ఎగరేశాడు.

"తెలిసిపోయిందిగా. తొమ్మిది తీసేస్తే సరి," అన్నాడు దర్జీ, వాళ్ల ఆకలి తలచుకుని.

"అలా తీసేస్తే మన ఊహ రాసినట్టవుతుంది నాన్నా. ఐదు దాకా కొలతలు సరిగ్గానే ఉన్నాయి, వాటిని ముట్టుకోవద్దు. ఐదు నుంచి మళ్లీ కొలుద్దాం. ఆకలైనవాళ్లు ముందు తినండి, తొందరేం లేదు," అంది తాబేలు.

అందరూ చాప దగ్గరికి నడిచారు. నిచ్చెన నాలుగు గుడ్లు తిన్నాడు. తల్లి సంగతి విని, భర్త ముఖం చూసి, ఆయన చేతిలో ఇంకో రొట్టె పెట్టింది.

తిన్నాక మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి తల్లి కూడా గొడుగు పట్టుకుని పరికరానికి నీడగా నడిచింది. దర్జీ బద్దను రెండు చేతులా పట్టుకుని, ఒక కుక్క వచ్చి కాళ్లు వాసన చూస్తున్నా మెదల్లేదు. దూరంగా పరికరం వెనక వంగి ఉన్న కూతుర్ని చూస్తుంటే అతనికి ఒకటి తట్టింది. ఇంట్లో తాము నిదానం అని విసుక్కున్నదానికే ఇక్కడ అందరూ కట్టుబడి నడుస్తున్నారు. ఆ పిల్ల గొంతు పెంచలేదు, ఎవరినీ తొందరపెట్టలేదు. అయినా కోపిష్ఠి మిరపకాయ, పోకిరి నిచ్చెన, తండ్రి, ఇప్పుడు తల్లి కూడా ఆమె చెయ్యి ఎత్తితే ఆగుతున్నారు, దించితే కదులుతున్నారు.

గేటు దగ్గరికి వచ్చేసరికి పార్కులో నీడలు సాగాయి. మిరపకాయ లెక్క కట్టి, పుస్తకం చూపించింది. తేడా నాలుగు మిల్లీమీటర్లు. మాస్టారు పది దాకా ఒప్పుకుంటారట.

కూతురు పుస్తకంలో పక్కనున్న ఖాళీ గడిలో ఏదో రాయడం చూసి, దర్జీ దగ్గరికి వెళ్లి తొంగిచూశాడు. 'ఐదో గుర్తు వద్ద బద్ద కదిలింది, అక్కడి నుంచి తిరిగి కొలిచాము' అని ఉంది.

"నా వల్లనే అని రాయి," అన్నాడు.

"ఎవరి వల్లో రాయరు నాన్నా. ఎక్కడ జరిగిందో రాస్తే చాలు. నీ దుకాణంలో కుట్టు ఊడితే ఎవరు కుట్టారో చొక్కా మీద రాస్తారా?"

భార్య పక్కన నిలబడి అంతా వింది. "ఇన్నాళ్లూ మనమే దీనికి బుద్ధులు చెప్పాం," అంది మెల్లగా, ఆయనకు మాత్రమే వినబడేట్టు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

నిచ్చెన బద్దలు మడిచి భుజాన వేసుకున్నాడు. మిరపకాయ పెన్సిలు జడలో దోపుకుని దర్జీ దగ్గరికి వచ్చింది.

"అంకుల్, వచ్చే ఆదివారం గుట్ట దారి కొలవాలి. మీరొస్తారా? జ్వరం తగ్గినా వాడికి పుస్తకం పని ఇస్తాం."

దర్జీ కూతురి వైపు చూశాడు. ఆమె మూడు కాళ్ల స్టాండు నేలకు దించి, ఒక్కో కాలికీ అంటిన మట్టిని గుడ్డతో తుడుస్తోంది.

"మా సర్వేయరు గారు రమ్మంటే వస్తానమ్మా," అన్నాడు.