ముందు తాగినవాళ్లు

నేను ఒక కొబ్బరి చిప్పను. చిప్ప అనగానే మీకు వీధిలో చెయ్యి చాపేవాళ్లు గుర్తొస్తారు. తప్పు పట్టను. కానీ నన్ను చేసింది ఇవ్వడానికి, అడుక్కోవడానికి కాదు.

రంగూన్ రేవుకు దగ్గరలో ఒక సందు. అక్కడ మ్యా అనే బర్మా ముసలావిడ ఇంటి ముందు, చిన్న తాటాకు కప్పు కింద నీళ్ల కుండలు ఉండేవి. దారిన పోయేవాళ్లు ఎవరైనా ఆగి తాగవచ్చు. ఆ దేశంలో అదొక ఆచారం. ఆవిడ భర్త నన్ను గాజుపెంకుతో నున్నగా గీకి, నువ్వులనూనె పట్టించి, వెదురు పిడి బిగించి ఆ కుండల పక్కన వేలాడదీశాడు. కొన్నాళ్లకే ఆయన పోయాడు. మ్యా మాత్రం రోజూ తెల్లారేసరికి కుండలు నింపి ఉంచేది. బస్తాలు మోసే తెలుగు కూలీలు, చైనా వడ్రంగులు, భిక్షకు వెళ్లే సన్యాసులు, బడికి ఆలస్యమైన పిల్లలు, అందరి పెదవులూ నాకు తెలుసు. దాహం వేసినప్పుడు మనుషులంతా ఒకటే. అది తీరాకే వేరువేరు అవుతారు.

ఎదురింట్లో దాలయ్య ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చాడట. భార్య లేదు. కూతురు గవరమ్మకు పన్నెండేళ్లు, కొడుకు అసిరికి ఆరు. అసిరికి నా పిడి అందేది కాదు. ఎగిరి పట్టుకునేవాడు.

జపాను విమానాలు వచ్చిన ఉదయం జనం వీధిలోకి వచ్చి తలెత్తి వింతగా చూశారు. అలా చూస్తూ నిలబడ్డవాళ్లే ఎక్కువమంది పోయారు. రేవు తగలబడింది. తెలుగువాళ్లంతా మూటలు కట్టారు. అప్పటికే బర్మావాళ్లకీ మనవాళ్లకీ సరిగా పడేది కాదు. దాలయ్య పిల్లల్ని తీసుకుని బయలుదేరినప్పుడు సందులో చాలా తలుపులు మూసే ఉన్నాయి. మ్యా బయటికి వచ్చింది. కొక్కెం నుంచి నన్ను తీసి గవరమ్మ చేతిలో పెట్టింది.

"దారిలో నీళ్లు దొరుకుతాయి తల్లీ. ముంచుకోవడానికి ఏమీ దొరకదు."

"మరి నీ కుండలకి?"

"ఎక్కువ తాగేది మీరే కదా, వెళ్లిపోతున్నారు" అంది మ్యా.

అరకాన్ కొండల దారి గురించి ఎక్కువ చెప్పను. ఆ దారిలో మనుషులు కూర్చునేవారు. కాసేపటికి లేస్తారనే అనుకునేదాన్ని. ఒకచోట దాలయ్య కూడా కూర్చున్నాడు. "నీల్లు తేరా అయ్యా" అన్నాడు కొడుకుతో. అసిరి నన్ను తీసుకుని వాగులోకి దిగాడు. ఎగువన ఆ నీళ్లలో ఏం పడి ఉందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. నన్ను ఎక్కడ ముంచితే అక్కడి నీళ్లే నాలోకి వస్తాయి. దాలయ్య తాగి, కొడుకు తల నిమిరాడు. రాత్రంతా వాంతులు. తెల్లారేసరికి ఆయన లేడు.

ఆ రోజు నుంచి అసిరి నీళ్లు తాగడం మానేశాడు. నన్ను చూపిస్తే పళ్లు బిగించేవాడు. గవరమ్మ పమిట కొంగు తడిపి వాడి నోట్లో పిండేది. చిట్టగాంగ్ నుంచి వచ్చే రైల్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెరుకు ముక్క ఇచ్చాడు. అది నమిలాడు. అలా బతికాడు. కానీ రోజురోజుకూ తేలికైపోతున్నాడు.

ఎండ మండే వేళ పిల్లలిద్దరూ తండ్రి ఊరు చేరారు. మొదటి ఇంటి అరుగు మీద నీళ్ల కుండ కనిపించింది. గవరమ్మ రంగూన్‌లో పుట్టిన పిల్ల కదా, ఇంటి బయట కుండ ఉంటే అది అందరిదీ అనుకుంది. నన్ను అందులో ముంచేసింది.

"ఓలమ్మో! ఎవుర్తివే నువ్వు? నా కుండలో ఎంగిలి చిప్ప ముంచేశావేటే!" అంటూ ఒక ముసలమ్మ బయటికి వచ్చింది. పేరు సన్యాసమ్మ.

"నీల్లు బయటెట్టినారు కదా మామ్మా. తాగడానికి కాదేటి?"

"సల్లగుంటాయని ఎట్టాను. ఊరందరికీ కాదు."

తలుపు చాటు నుంచి కోడలు కేకేసింది. "అత్తా, దగ్గరికెల్లకు! బర్మా నుంచొచ్చినోల్లలాగున్నారు. ఆల్లతో కలరా వత్తాదంతన్నారు. ఆ కుండ బద్దలు కొట్టేయి!"

సన్యాసమ్మ కుండ ఎత్తింది. బద్దలు కొట్టేదే. అప్పుడు అసిరి కనిపించాడు.

"ఈడేటే, నీల్లు సూసి మొకం తిప్పేసుకున్నాడు?"

గవరమ్మ చెప్పింది. "తాగడు మామ్మా. దారిలో నాన్నకి ఆడే ముంచి తెచ్చినాడు. ఆ నీల్లు తాగే నాన్న పోనాడని..."

"ఎవురు మీ నాన్న?"

"దాలయ్య."

ముసలమ్మ వంగి అసిరి మొహంలోకి చూసింది. "ఆడి అమ్మ నా ఈడుది. పోయి సానా యేల్లయ్యింది. ఇల్లు కూడా కూలిపోనాది" అంది. తర్వాత కుండ కింద పెట్టింది. "ఇటు తే ఆ చిప్ప."

"అత్తా!"

"నోరు ముయ్యే. నాను పోతే నీకే మంచిది. పెత్తనం నీ సేతికొత్తాది."

నన్ను నిండా ముంచి, అంచుకు పెదవులు ఆనించి, గటగటా తాగింది. "సూడరా గుంటడా. తాగీసాను. సచ్చానా?"

అసిరి ఆమెను తేరిపార చూశాడు. దారి పొడుగునా నోరు విప్పనివాడు మెల్లగా అన్నాడు. "ఎంటనే సావరు మామ్మా. నాన్న తెల్లారి పోనాడు."

ముసలమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. "అయితే కూకోని సూడు" అంది.

వాడు చూశాడు. ఆమె గేదె దగ్గరికి వెళితే వెంట వెళ్లాడు. చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చున్నాడు. "ఇంకా ఉన్నానురా" అని ఆమె మధ్యమధ్యలో కేకేసేది. సాయంత్రం కోడలు అరుగు చివర ఒక ఆకులో తాటిముంజలు పెట్టి, దగ్గరికి రాకుండా వెళ్లిపోయింది. వాడు నోరు తడుపుకోవడానికి అవి సరిపోయాయి. సన్యాసమ్మ ఆ రాత్రి లోపల పడుకోలేదు. పిల్లవాడికి కనిపించేలా అరుగు మీదే పడుకుంది.

తెల్లవారింది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. అసిరి ఆమె ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాడు.

"ఏరా, పోయానేటి?" అంది సన్యాసమ్మ, కళ్లు తెరవకుండానే.

వాడు లేచి, నన్ను తీసుకుని, ఆ కుండలో తనే ముంచి తాగాడు. మళ్లీ ముంచి తాగాడు. పొట్ట మీదుగా నీళ్లు కారుతున్నా ఆపలేదు. గవరమ్మ అరుగు మెట్టు మీద కూర్చుని తడి ఆరని కొంగుతో మొహం కప్పుకుంది.

పిల్లలు ఆ ఇంట్లోనే పెరిగారు. కానీ అసిరికి ఒక అలవాటు ఉండిపోయింది. ఎవరో ఒకరు ముందు తాగితే తప్ప నీళ్లు ముట్టడు. సన్యాసమ్మ ఉన్నన్నాళ్లు ఆమె తాగి ఇచ్చేది. తర్వాత భార్య తవిటమ్మ. మొగుడి ఎంగిలి పెళ్లాం తినడం ఊరికి మామూలే. పెళ్లాం ఎంగిలి మొగుడు తాగడం మాత్రం వింత. "ఏరా అసిరీ, పెల్లాం తాగమంటేనే దాహమేత్తాదేటి?" అనేవారు. అసిరి నవ్వేసేవాడు. కారణం తవిటమ్మకు ఒక్కదానికే చెప్పాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందు ఒక గుక్క తాగి గ్లాసు అందించడం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

పోయిన వేసవిలో తవిటమ్మ పోయింది.

ఇప్పుడు అసిరయ్య పండు ముసలి. ఇంట్లో కుళాయి ఉంది, స్టీలు గ్లాసులున్నాయి. అయినా ఆమె పోయాక గోడ మీది నుంచి నన్ను దించాడు. నీళ్లు నింపి తవిటమ్మ ఫొటో ముందు పెడతాడు. ఎదురుగా కూర్చుని, ఒకప్పుడు సన్యాసమ్మను చూసినట్టే, ఆ మొహాన్ని తేరిపార చూస్తాడు. ఆమెకు ఏమీ కాదు. చనిపోయినవాళ్లకు ఇంకేమీ కాదు కదా.

నా అడుగున సన్నటి బీట పడింది. ఎక్కువసేపు అలా చూస్తూ కూర్చుంటే నాలో చుక్క మిగలదు. అది ఆయనకు తెలుసు. అందుకే కాసేపు చూసి, తడిసిన బల్ల మీది నుంచి నన్ను రెండు చేతులా ఎత్తి తాగేస్తాడు.