ఎండలో రెండో స్థానం

బయ్యన్న చొక్కా జేబులో పెట్టుకున్న ఉల్లిపాయను అతని భార్య సుబ్బరత్నమ్మ తరిగి పులుసులో వేసేసింది.

"జేబులో ఎర్రగడ్డ ఉంటే వడదెబ్బ తగలదని టీవీలో చెప్పినారు. దాన్ని తీయమని నీకు ఎవురు చెప్పినారే?"

"బుట్టలో ఉండేటివన్నీ మొలకలొచ్చినాయి. నీ జేబులోది ఒకటే గట్టిగా ఉండె."

"ఇప్పుడు నేను బయటికెట్లా పోయేది?"

"పులుసు తిని పో. జేబులో ఉంటే ఏమి, కడుపులో ఉంటే ఏమి, నీ దగ్గరే కదా ఉండేది!"

కోడలు రేఖ నవ్వు కనబడకుండా పొయ్యి వైపు తిరిగింది. కంబదూరుకు దగ్గరి ఈ పల్లెకు ఆమె కాపురానికొచ్చి పదకొండేళ్లు. బీఎస్సీ చదివింది కాబట్టి మందుల చీటీలు, కరెంటు బిల్లులు ఆమె లెక్కలోవే. ఈ మే నెలలో మాత్రం ఆమె మనసంతా కొట్టంలోని చూడి గేదె మీదే ఉంది. ఇవాళో రేపో ఈనాలి. రెండేళ్ల కిందట ఇలాంటి ఎండల్లోనే దాని తొలి దూడ పుట్టీపుట్టగానే పోయింది. ఈసారి అలా కానివ్వకూడదని రేఖ మధ్యాహ్నాలు గంటకోసారి పైపుతో గేదెను తడిపి, తడి గోనెసంచులు దాని వీపున కప్పుతోంది.

చిక్కల్లా కొట్టం పక్కనున్న కంబంతో వచ్చింది. ఎప్పుడో ఎవరో వచ్చి ఎండావానా కొలిచే యంత్రాన్ని ఆ కంబానికి బిగించి, చుట్టూ తీగ కంచె వేసి పోయారు. ఆరేళ్లపాటు ఆ కంచె చీరలారేసుకోవడానికే పనికొచ్చింది. ఈ వేసవిలో ఒక చానెల్ 'నిప్పుల పట్టిక' అని మొదలుపెట్టి, ఏ ఊళ్లో ఎంత ఎండ కాసిందో రోజూ వరుసగా చూపించసాగింది. ఒక సాయంత్రం తమ ఊరి పేరు రెండో స్థానంలో కనబడింది. ఊరు ఊరంతా లేచి కూర్చుంది.

మొదటి స్థానం పక్క మండలంలోని పల్లెది. తేడా సున్నా పాయింట్ రెండు. అక్కడి వియ్యంకులు ఫోన్లు చేసి, "ఏం బావా, మీ ఊళ్లో చల్లగా ఉండాదంట కదా! దుప్పట్లు పంపేదా?" అని ఎగతాళి మొదలుపెట్టారు.

వార్డు మెంబరు తిప్పేస్వామికి ఇందులో ఊరి భవిష్యత్తు కనబడింది. "ఫస్టు వస్తే పెద్ద ఆఫీసర్లు వస్తారు. వాళ్లొస్తే నీళ్ల ట్యాంకు వస్తాది," అన్నాడు. నీళ్లు రావాలంటే ముందు నీళ్లు చల్లడం మానాలని రచ్చకట్ట మీద తీర్మానమైంది. వాకిళ్లకు కళ్లాపి ఆగింది. బయమ్మ అనే ముసలామె, యంత్రం కింద పొయ్యి పెట్టి వేరుశనక్కాయలు వేయిస్తే సరిపోతుంది కదా అంది. బయ్యన్న ఒప్పుకోలేదు.

"నిప్పు పెడితే మోసం. నీళ్లు పోయకుండా ఉంటే న్యాయం. మనకొద్దు ఆ దొంగ ఎండ!"

ఆ న్యాయం మర్నాడు పదకొండు గంటలకు రేఖ దగ్గరికొచ్చింది.

"వదినా," అన్నాడు తిప్పేస్వామి, చెప్పులు వాకిట్లోనే విడిచి. "పన్నెండు నుంచి మూడు దాకా ఎనుము మీద నీళ్లు పోయొద్దు. నువ్వు పైపు పట్టినప్పుడల్లా ఊరు పడిపోతాంది."

"ఎనుము పడిపోతే?"

"మూడు గంటలే కదా వదినా. ఊరి కోసం."

"నువ్వు దాని మాదిరి నల్ల కంబళి కప్పుకొని మూడు గంటలు నిలబడు. ఆ తర్వాత నేను మానేస్తా."

రేఖ భర్త కిరణ్ తలొంచుకుని ఫోన్ చూసుకున్నాడు. అతని ఫోన్‌లోనూ ఆ పట్టికే ఉంది.

రెండు గంటలకు విలేకరి గంగాధర్ కెమెరా పట్టుకుని వచ్చాడు. బయ్యన్నను కంబం పక్కన నిలబెట్టి, తల మీది తువ్వాలు తీయించాడు. "కొంచెం అల్లాడినట్టు ఉండు పెద్దాయనా," అన్నాడు. పెదవులు తడిగా కనబడతాయని మంచినీళ్లు కూడా తాగనివ్వలేదు.

స్టూడియోలో కోటు వేసుకున్న అమ్మాయి అడిగింది: "బయ్యన్నగారూ, ఎండ ఎలా ఉంది?"

"ఎండగానే ఉండాదమ్మా."

"చూస్తున్నారుగా, ఎండ దెబ్బకు ఆయనకు మాట కూడా రావడం లేదు!"

ఊరి అంకె నలభై ఆరు పాయింట్ తొమ్మిదికి చేరింది. తిప్పేస్వామి ఫోన్ ఎత్తి చూపిస్తూ, "సమానమైనాము!" అని అరిచాడు. జనం ఈలలు వేశారు.

అప్పుడే కొట్టంలో, పన్నెండు నుంచి జనం నీళ్లు పోయనివ్వని గేదె ముందుకాళ్లు మడిచి కూలబడింది. నాలుక బయటికి వేలాడుతోంది, మూతి నిండా నురగ. రేఖ ఎవరినీ అడగలేదు. మోటారు వేసి, పైపు తెచ్చి గేదె తల మీద, వీపు మీద, కొట్టం కప్పు మీద, చుట్టూ నేల మీద కుమ్మరించింది. అడ్డమొచ్చిన తిప్పేస్వామి కూడా తడిశాడు. గంగాధర్ కెమెరా ఆపడం మరిచిపోయాడు.

పావుగంటకు గేదె లేచి నిలబడింది, అంకె నలభై నాలుగుకు పడింది. టీవీలో ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి: 'ఒక్కసారిగా చల్లబడిన పల్లె. కారణం కోసం నిపుణుల అన్వేషణ.' నలుగురు పెద్దమనుషులు కూర్చుని మబ్బుల గురించీ గాలుల గురించీ గంటసేపు వాదించుకున్నారు. గేదె మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దు గూకకముందే అందరూ సంగటికి కూర్చున్నారు. బయ్యన్న ముద్ద ముట్టుకోలేదు.

"తొమ్మిదో స్థానం," అన్నాడు. "రేపు మోటారు స్టార్టరు పెట్టెకు తాళం వేస్తారంట. నేనూ సరేనన్నా."

"ఇంక తాళంతో పని లేదులే మామా," అంది రేఖ, ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ. "రేపు తెల్లారేసరికి ఎనుమును హాల్లో కట్టేస్తా. కూలరు దానికే. హాలు తలుపు మూడున్నర అడుగులు, కొలిచినాను. ఈత అయ్యి, దూడ లేచి పాలు తాగే దాకా అది ఆడే ఉంటాది."

కిరణ్ తలెత్తాడు. "హాల్లో టీవీ ఉండాది కదా?"

"టీవీని కొట్టంలో పెడతా."

"మరి మేము?"

"మీరు టీవీ యాడుంటే ఆడ."

బయ్యన్న భార్య వైపు చూశాడు, ఆమె అయినా అడ్డం చెబుతుందేమోనని. సుబ్బరత్నమ్మ సంగటి ముద్దను ఊరిబిండిలో అద్దుకుని మింగింది. "మా అత్త కాలంలో ఎనుములు ఇంట్లోనే ఉండె. మనుషులే బయట పండుకుండె," అంది. "రేఖమ్మా, కేబులు వైరు కొట్టం దాకా అందుతాదో లేదో చూసుకో."