వెనక వరసలో లైట్లు

నీలకంఠం బావగారు రైల్వేలో రైలుపెట్టెల కింద ఉండే బ్యాటరీలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పక్క పట్టాల మీద నిలబెట్టిన ఖాళీ పెట్టెలో లైటు వెలుగుతుంటే ఆయన ప్రాణం కొట్టుకులాడేది. ఎక్కి ఆర్పి వచ్చేదాకా అన్నం సయించేది కాదట. బరంపురం లంజిపల్లిలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. గదిలోంచి మనిషి లేస్తే చాలు, వెనకే స్విచ్చు టక్కుమనేది. పక్కింటిదాన్ని గనక వాళ్ళింట్లో ఎన్నోసార్లు చీకట్లో కాఫీ తాగాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని నవ్వుకునేదాన్ని.

ఆయన భార్య సత్యభామ అక్క డ్రాయింగ్ టీచరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు మామిడిపండూ చిలకా నేర్పింది. రిటైరయ్యాకే తన బొమ్మలు మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం బస్సెక్కి ఆర్యపల్లి వెళ్ళేది. తెల్లవారకముందు సముద్రం, ఒడ్డున పడవలు, ఎండుచేపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు, ఇవే గీసేది. అన్నీ ముదురు నీలం, నలుపు. వెలుగు పడితే ఆ నలుపులోంచి ఒక్కొక్క ముఖం బయటికొచ్చేది. వెలుగు లేకపోతే మసిగుడ్డ ఆరేసినట్టుండేవి.

ఆ ఏడు బరంపురంలో ఒక కమిటీ వాళ్ళు మైదానంలో చిత్రాల ప్రదర్శన పెట్టారు. స్టాళ్ళలో ముందు వరసకే కరెంటు. వెనక వరస వాళ్ళు ఎవరి వెలుతురు వాళ్ళే తెచ్చుకోవాలి. చప్పుడూ పొగా వస్తాయని జనరేటర్లు వద్దన్నారు. అక్కకు వెనక వరసే దక్కింది. అయినా ఆవిడ బాధపడలేదు. కమిటీ వేసిన కరపత్రంలో ఆవిడ బొమ్మ ఒకటి చూసి, భువనేశ్వర్ నుంచి పేరున్న చిత్రకారుడొకాయన కబురు చేశాడు. వచ్చి అన్నీ చూస్తాననీ, నచ్చితే తన గ్యాలరీలో ఈవిడ బొమ్మలు మాత్రమే పెట్టి ప్రదర్శన చేస్తాననీ. ఆ సంగతి చెప్పడానికి అక్క మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ నోటివెంట నాకిది కావాలి అన్న మాట నేను వినడం అదే మొదలు.

వెలుతురు పని బావగారు మీద వేసుకున్నారు. బడా బజార్ అంతా తిరిగి కారు బ్యాటరీ, చిన్న ఎల్.ఇ.డి. బల్బులు, వైర్లు తెచ్చారు. అబద్ధమెందుకు, పని ముచ్చటగా చేశారు. బొమ్మకో బల్బు, చూసేవాళ్ళ కళ్ళలో పడకుండా రేకుముక్క వంచి దానికో గొడుగు. వెలిగించగానే పక్క స్టాళ్ళ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

చూసి వెళ్ళగానే ఆయన ఆర్పేశారు. ఉండనివ్వండి అని అక్క బతిమాలింది. ఛార్జి సగానికి మించి దించితే బ్యాటరీ పాడవుతుందని, ఎవరైనా లోపల అడుగుపెడితే తానే వెలిగిస్తానని ఆయన సర్దిచెప్పారు. చీకటి కొట్టులో అడుగెవరు పెడతారు బావగారూ అని నేనన్నాను. ఆయన నవ్వుతూ స్విచ్చు పక్కనే స్టూలు వేసుకున్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఈయన దీపాన్నే దాచుకునే రకం.

రెండో రోజు సాయంత్రం ఆ పెద్దాయన వస్తాడని కమిటీ వాళ్ళు చెప్పారు. అక్క మధ్యాహ్నం నుంచీ స్టాలు వదల్లేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పొద్దుగూకినా ఆయన జాడ లేదు. ఇంక ఉండబట్టక, పంపు దగ్గర ముఖం కడుక్కొస్తానని నన్ను తోడు తీసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ లైట్లు మాత్రం ఆర్పొద్దని చెప్పింది. బావగారు తలూపారు.

తిరిగొచ్చేసరికి స్టాలు చీకటిగా ఉంది. బావగారు లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి లైట్లు వేసి, ఏమీ తెలియని మనిషిలా చెప్పారు.

"ఎవులూ లేరు కదాని ఆర్పీసినాను. మద్దెలో ముగ్గురొచ్చినారు గానీ లోపలికి రాలేదు. బయటే నిలబడి, బంద్ హేలాణి అనుకుని ఎల్లిపోనారు. ఒకాయన బాగా ముసలాయన, కర్ర పట్టుకున్నాడు."

మూసేశారనుకున్నారన్నమాట. అక్క చెంగు పట్టుకుని గేటు వైపు పరుగెత్తింది. వెనకే నేనూ పరుగెత్తాను. కారు అప్పుడే రోడ్డెక్కింది. పెద్దాయనకు రైలు టైమైపోయిందని కమిటీ కుర్రాడు చెప్పాడు. తరవాత ఫోన్ చేయిస్తే, ఆ ఏటికి బొమ్మలు ఎంచుకోవడం అయిపోయిందని జవాబొచ్చింది.

అక్క ఆయన్ని ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని, గట్టిగానే అనేదాన్ని. ఆవిడ రంగులు అటకెక్కించింది. ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయింది. ఇంత వంటా అంత నిద్రా, అంతే. బావగారు ఇల్లంతా లైట్లు వెలగనిచ్చి తిరిగేవారు. చూస్తే జాలేసేది, కోపమూ వచ్చేది.

మరుసటి ఏడు ప్రదర్శన అనగానే ఆయన ముందే పరుగెత్తి స్టాలు రాయించుకొచ్చారు. బ్యాటరీలు రెండు కొన్నారు. చేతులు కాలాక ఆకులంటే ఇవే. సాయంత్రం నేనక్కడ ఉండగానే వాటిని వరండాలో దించి, ఈసారి ఒక్క క్షణం కూడా ఆర్పనని అక్కతో చెప్పారు.

"అందులో ఏటి పెడతారండీ?" అంది అక్క.

"పాతవున్నాయి కదా."

"ఆటిని సూడ్డానికొచ్చినాయన వచ్చి ఎల్లిపోనాడు కదండీ."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండునని నాకనిపించింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావగారు ముందుగదిలో గోడకు తిప్పి పెట్టిన బొమ్మలన్నీ ఇటు తిప్పి, వాటిమీద బల్బులు కట్టి, వెలిగించారు. వెలిగించి ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగి చూశారు. ఆయన వాటివంక అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. ప్రదర్శనలో ఉన్నంతసేపూ ఆయన కళ్ళు బ్యాటరీ మీదే ఉండేవి.

"తులసమ్మా," అన్నారు నావైపు తిరక్కుండా. "ఇయ్యి ఇంత బాగుంటాయని నాకు తెల్దమ్మా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క వస్తుందేమోనని ఇద్దరం గుమ్మం వైపు చూశాం. కాసేపటికి మళ్ళీ గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.