రాలు పండ్లు

పెనుకొండ దగ్గర ద్రాక్ష లారీని ఆపి, పండ్లలో విషం మితిమీరిందని తేల్చి, అధికారులు సరుకంతా వెనక్కి తెప్పించి గుడిబండ ఊరి బయట గుంటలో పోయించారు. జనం ప్రాణాలు కాపాడామని టీవీ వాళ్లతో చెప్పుకున్నారు. ఏ జనం ప్రాణాలో మాత్రం చెప్పలేదు.

గుంట గట్టు మీద తోట కూలీల మధ్య నిలబడి భవాని ఆ మాటలు విన్నది. లారీకెక్కిన గుత్తులు ఆమె కోసినవే. గుత్తి పెట్టెలోకి పోతుంది, రాలిన పండు కోసినవాళ్లది. గుడిబండ తోటల్లో ఎప్పటినుంచో అదే వాడుక. పోయిన వారం ఆ కోతలో కూడా ఒడి నిండా రాలు పండ్లు ఇంటికి తెచ్చింది. తోటకు కొట్టేదాన్ని ఊరంతా మందనే అంటారు. మందు తగిలితే ఏమవుతుందిలే అనుకుంది పిచ్చితల్లి. ఆ పండ్లు తిన్న కూతురు వైష్ణవి హిందూపురం ఆసుపత్రి చేరకముందే ఆమె ఒళ్లోనే కన్నుమూసింది.

భవాని అధికారి ముందుకు పోయింది.

"సార్, నా పాప సంగతి యాడ రాసుకున్యారు?"

"మా పని సరుకు వరకేనమ్మా. కడక్కుండా పెట్టింది నువ్వే కదా."

పక్కనే ఉన్న కాంట్రాక్టర్ చంద్రశేఖర్ తల ఊపాడు. తోటలో పంట కొన్నదీ, కోతకు ముందురోజు మందు కొట్టించిందీ అతనే. భవాని తన చేతుల వైపు చూసుకుంది. నిజమే, ఈ చేతులతోనే తినిపించింది. ఆ బాధ తీర్చేవాళ్లెవరు?

తోటి కూలీ నీలావతి గట్టిగా అరిచింది. "నేనూ తినిపిస్తి కదా సార్! నా కొడుకు బతికె, ఈమె బిడ్డ పాయ. ముందురోజే కొట్టిచ్చినామని ఈ పెద్దమనిషి మాకు ఒక్క మాటన్నా చెప్పినాడా?"

"నోరు మూసుకోకుంటే రేపు కోతకు పిల్చను," అన్నాడు చంద్రశేఖర్.

"నువ్వు పిల్చేదేంది? మేమే రాము!"

జేసీబీ మట్టి తోయబోయింది. భవాని గుంటలోకి దిగి పండ్ల మీద కూర్చుంది.

"మేమూ తిన్యాం. మా కడుపుల్లో ఉండాది ఈ సరుకే. మమ్మల్నీ సీజ్ చేయండి. లేదా ఆ కాంట్రాక్టర్ని పట్టుకోండి."

ఒకరి వెనక ఒకరు ఆడకూలీలంతా దిగారు. జేసీబీ ఆగిపోయింది. పోలీసులు భవానిని రెక్కలు పట్టి లాగి జీపెక్కించారు. మిగతావాళ్లు గుంటలోంచి కదల్లేదు.

"ఏడవద్దమ్మా," అన్నాడు కానిస్టేబుల్.

"ఎవురేడుస్తాండారప్పా? మీ సార్‌తో చెప్పు. మందు ఎప్పుడు కొట్టినారో మాకు చెప్పేదాకా ఈడినుంచి ధర్మవరం వరకు ఏ తోటలోనూ కోత లేదు."

ఆ మాట పూర్తి చేశాకే బావురుమంది.